కాల్షియం తగ్గినప్పుడు, పెరిగినప్పుడు

ఇప్పుడు చేతులు వణకడం లేదు. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవగలుగుతున్నాను, చదివింది సాయంత్రం దాకా గుర్తుంటోంది. అందుకని రాస్తున్నాను. సానుభూతి నాకు కావలసినంత దొరికింది. ఇంటికొచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకుని, నా మూత్రం ఏ రంగులో వచ్చిందో అడిగి తెలుసుకుని, టీ తాగి వెళ్లినవాళ్లు మా వీధిలో ఇరవై మందికి తక్కువ ఉండరు. వాళ్లలో ఎవరి మీదా నాకు మంచి అభిప్రాయం లేదు. ఇది చదివాక వాళ్లకు నా మీదా ఉండదు.

నా పేరు యాదగిరి. మిర్యాలగూడ బయట ఒక రైస్ మిల్లులో వేబ్రిడ్జి గుమాస్తాను. ధాన్యం లారీ వస్తే తూకం చూసి చీటీ రాయడం నా పని. చదువు పదో తరగతితో ఆగింది. కాని ఇరవై ఏళ్లుగా డ్యూటీ దిగగానే శాఖా గ్రంథాలయానికి వెళ్లి, తాళం వేసేదాకా కూర్చుంటాను. చరిత్ర, చట్టం, సైన్సు, వైద్యం, ఏది దొరికితే అది చదువుతాను. ముఖ్యమైనవి నోటుబుక్కుల్లో రాసుకుంటాను. అలాంటివి ఇంట్లో పంతొమ్మిది ఉన్నాయి. మిల్లులో ఎవరికి ఏ సందేహం వచ్చినా నా దగ్గరికే వస్తారు. రాకపోతే నేనే వెళ్లి చెబుతాను.

ఇంట్లో నేను, నా భార్య సునీత, మా అమ్మ. మాకు పిల్లల్లేరు. ఆ సంగతి మా అమ్మ సునీతకు గుర్తు చేయని వారం లేదు.

ఏప్రిల్

యాసంగి కోతల సమయం. ధాన్యం లారీలు మిల్లు గేటు నుంచి రోడ్డు దాకా వరసగా నిలబడ్డాయి. ఎండకు భయపడి హమాలీలు సగం మంది రాలేదు. వచ్చినవాళ్లు చిరాకుగా ఉన్నారు. హమాలీల మేస్త్రీ సైదులు నా కిటికీ దగ్గరికి వచ్చి, ఫ్యాను కింద కూర్చున్న నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"సార్‌కు తెల్వనిదేం లేదు. బస్తా ఎంత తూగుతదో చీటీ మీద రాస్తడు. వీపు మీద ఎంత తూగుతదో ఏ పుస్తకంల రాసిండ్రో చెప్పు సార్."

అందరూ నవ్వారు. నేను చొక్కా విప్పి కుర్చీకి తగిలించి కిందికి దిగాను. నలభై ఆరేళ్ల ఒళ్లు, ఇరవై ఏళ్లుగా కుర్చీకి అలవాటుపడ్డ ఒళ్లు. ఆ రోజంతా, మరునాడంతా వాళ్లతో పాటు బస్తాలు దింపాను. రెండో రోజు మధ్యాహ్నానికి నవ్వులు ఆగిపోయాయి. "సాలు సార్, కూసో. నేనేదో నవ్వులాటకు అన్న," అని సైదులే వచ్చి చేయి పట్టుకున్నాడు. విదిలించుకున్నాను. నీళ్లు కూడా సరిగా తాగలేదు. నీళ్లకని ఆగితే అలసిపోయాననుకుంటారని.

మూడో రోజు మంచం మీద నుంచి లేవలేకపోయాను. తొడలు, భుజాలు ముట్టుకోనివ్వడం లేదు. మా వీధి చివరి ఆర్‌ఎంపీ వచ్చి నొప్పి సూది వేశాడు. సాయంత్రం ఇంకొకటి, మరునాడు మళ్లీ ఒకటి. ఒంటేలు డికాక్షన్ రంగులో వచ్చింది. ఎండ వేడి అన్నాడాయన. నేనూ అదే అనుకున్నాను, శరీరశాస్త్రం చదివినవాణ్ణి కదా. ఆ తర్వాత అది కూడా రావడం మానేసింది. వాంతులు మొదలయ్యాయి. సబ్జా నీళ్లు తాగితే వేడి దిగుతుందని అమ్మ గ్లాసు మీద గ్లాసు పట్టుకొచ్చింది.

సునీతది కోదాడ. మాట మా అమ్మలా సాగదీయదు. గుమ్మంలో నిలబడి చెప్పింది.

"నిన్నటి నుంచి మీరు బాత్రూముకు పోలేదు. నేను చూస్తానే ఉన్నా. లేవండి, సూర్యాపేట పోదాం. అక్కడ కిడ్నీల డాక్టరమ్మ ఉందంట, ఫోన్లో కనుక్కున్నా."

"జర వేడి చేస్తే దవాఖాననా. కోదాడోళ్లకు అన్నిటికీ దవాఖాననే," అంది అమ్మ.

"అత్తమ్మా, పక్కకు జరగండి. ఆటో వచ్చింది."

ఆ రోజు ఆమె జరగమనకపోతే నేను ఇది రాసేవాణ్ణి కాదు. ఆ మాట మొదటే చెప్పి పెడుతున్నాను, తర్వాత చెప్పబోయేదానికి నన్ను తిట్టుకోవడానికి మీకు వీలుగా ఉంటుంది.

దవాఖానలో చేర్చుకున్నారు. పెదాల చుట్టూ చీమలు పాకుతున్నట్టు ఉంది. వేళ్ల చివర్లు తిమ్మిరి. నర్సు వచ్చి బీపీ చూడటానికి చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. కొడుతుండగానే నా చేయి మణికట్టు దగ్గర వంగిపోయింది, వేళ్లన్నీ ఒకచోటికి చేరి కొంగ ముక్కులా బిగుసుకున్నాయి.

"చెయ్యి వదులుగ పెట్టు అంకుల్."

"నేను పెట్టలేదు సిస్టర్. అదే పెట్టుకుంది."

ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి, పట్టీ విప్పకుండానే పరుగెత్తింది. ఆ పరుగు నాకు గుర్తుంది. ఆ తర్వాతిది గుర్తు లేదు. ఫిట్స్ వచ్చాయట. నాలుక కొరుక్కున్నానట. మా అమ్మ ఇంటి తాళంచెవుల గుత్తి తీసి నా పిడికిట్లో కుక్కబోతే, సునీత ఆమె చేయి పట్టుకుని ఆపి, నన్ను పక్కకు తిప్పి పట్టుకుందట.

డాక్టరమ్మ తర్వాత చెప్పింది: అలవాటు లేని చాకిరీకి, ఎండకు కండరాలు దెబ్బతిని కరిగాయి. ఆ కరిగింది పోయి కిడ్నీలను ఆపేసింది. మిగిలిన పని నొప్పి సూదులు చేశాయి. రక్తంలో ఉండాల్సిన కాల్షియం ఆ దెబ్బతిన్న కండరాల్లోకి వెళ్లిపోయింది. అది బాగా తగ్గితే నరాలూ మెదడూ ఊరుకోవు.

డయాలసిస్ మొదలైంది. ఆ గది బయట బెంచీ మీద సునీతకు తుంగతుర్తి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ పరిచయమైంది. ఆమె భర్తకు ప్రతి మంగళవారం, శుక్రవారం అక్కడే డయాలసిస్. సునీత ఏమీ తినలేదని తెలిసి తన టిఫిన్ డబ్బాలోంచి పెరుగన్నం మూత మీద పెట్టి ఇచ్చేది. "తిను బిడ్డా, నువ్వు పడిపోతే ఆయన్ను సూసేటోళ్లెవరు," అనేదట. మా బంధువులు ఆపిల్ పండ్లు తెచ్చి, కిడ్నీ పోయినవాళ్లు ఎవరెవరు ఎన్నాళ్లు బతికారో లెక్క చెప్పి వెళ్లేవారు. డయాలసిస్‌లో ఉన్నవాడికి డాక్టరును అడగకుండా పండ్లు పెట్టకూడదని ఎవరికీ తెలియదు. ఆ పండ్లు వాళ్ల ముందే నర్సుకు ఇచ్చేసేవాణ్ణి.

రెండు వారాలకు ఒంటేలు రావడం మొదలైంది. సీసాలో కొలత చూసి నర్సు, సునీత ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు.

మే

ఇంటికి పంపించే రోజు డాక్టరమ్మ కాగితం తీసి సునీతకు వివరించింది.

"కాల్షియం గోలీలు పది రోజులే అమ్మా. ఈ విటమిన్ డి పొడి వారానికి ఒకటి. పదో రోజు వచ్చి రక్తం ఇవ్వాలి. కండరాల్లోకి పోయిన కాల్షియం, కిడ్నీలు కోలుకునేటప్పుడు తిరిగి రక్తంలోకి వస్తుంది. అప్పుడు గోలీ మంచిది కాదు. గుర్తుంటుందా?"

సునీత తల ఊపింది. నా జబ్బు గురించి నా తల మీదుగా మాట్లాడుకుంటున్నారు.

"మేడమ్, ఇది పారాథైరాయిడ్ గ్రంథికి సంబంధించిన సమస్యా?" అని అడిగాను. నాకూ తెలుసని ఆమెకు తెలియాలి కదా.

"అవన్నీ మేం చూసుకుంటాం. మీరు నీళ్లు తాగుతుండండి చాలు."

ఆ 'చాలు' మాటను సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా బస్సులో నములుతూనే ఉన్నాను.

నా భయం ఒకటే. ఫిట్స్ మళ్లీ వస్తే? కిడ్నీ పోతే మిషనుంది. తల పోతే ఏముంది? ఇరవై ఏళ్లు ఒక్కో పేజీ పోగేసుకున్న తల అది. వేళ్లు కాస్త తిమ్మిరెక్కితే చాలు, ఫిట్స్ వస్తాయేమోనని మంచం పట్టె పట్టుకుని కూర్చునేవాణ్ణి. నడవగలిగిన మొదటి రోజే కర్ర పట్టుకుని గ్రంథాలయానికి వెళ్లాను. అట్ట ఊడిన ఒక లావుపాటి వైద్య పుస్తకంలో నాకు కావలసిన పేజీ దొరికింది. రక్తంలో కాల్షియం తగ్గితే తిమ్మిరి, చేతులు ముడుచుకోవడం, ఫిట్స్, మతి చలించడం. అన్నీ నావే. నా గురించే రాసినట్టుంది. ఆ పేజీ అంతా రాసుకుని పుస్తకం మూశాను. తర్వాతి పేజీలో కాల్షియం పెరిగితే ఏమవుతుందో ఉంది. వెతికింది దొరికాక ఇంకా తిప్పడం ఎందుకనుకున్నాను.

పంతొమ్మిదో నోటుబుక్కులో నా వైద్యం నేను రాసుకున్నాను. గోలీలు పూటకు ఒకటి కాదు, రెండు. వారానికో పొడి కాదు, రోజుకొకటి. పైగా సున్నపు తేట. అమ్మకు తాంబూలం అలవాటు, డబ్బా నిండా సున్నం ఉంటుంది. దాన్ని నీళ్లలో కలిపి, తేరుకున్నాక పైనీళ్లు వంచి చిన్న పిల్లలకు ఎముకల బలానికి పట్టడం ఆమె పుట్టింటి అలవాటు. సున్నమంటే కాల్షియమేనని పుస్తకంలో ఉంది. జీవితంలో మొదటిసారి మా అమ్మా, పుస్తకమూ ఒకే మాట చెప్పారు. ఇక నన్ను ఆపేదెవరు?

"గీ ముచ్చట సునీతకు చెప్పకు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తది," అన్నాను అమ్మతో.

"నాకెందుకు సెప్తవ్ గా మాట. నేనే నీకు సెప్దామనుకున్న," అంది అమ్మ. చాలా రోజుల తర్వాత ఆమె ముఖం వెలిగింది. కొడుకు మళ్లీ తన చేతి కిందికి వచ్చాడు.

మందుల షాపులో గోలీలు ఎన్నిసార్లు అడిగినా ఇచ్చారు. కాల్షియమే కదా, విషమేం కాదు కదా అన్నట్టు.

పదో రోజు సునీత ఫైలు సంచిలో పెట్టుకుని సిద్ధమైంది.

"ఇయ్యాల రక్తం ఇయ్యాలి. ఏడున్నర బస్సు."

"నాకు బాగానే ఉంది. నేను చదివిన, నాకు తెల్సు."

"చదివింది మీరు. ఫిట్స్ వచ్చినప్పుడు పట్టుకుంది నేను."

"అయితే ఏంది? డాక్టరువైనవా?"

ఆమె సంచిలోంచి ఫైలు తీసి బీరువా మీద పెట్టింది.  మర్నాడూ, ఆ మర్నాడూ అదే సంచి సర్దింది, అదే ఫైలు తీసింది. నేను వెళ్లలేదు.

జూన్

దాహం పెరిగింది. బిందెడు నీళ్లు తాగినా నాలుక ఎండిపోయేది. ఒంటేలు గంటకోసారి. కిడ్నీలు గట్టిపడ్డాయని సంబరపడి, ఆ సంగతి నోటుబుక్కులో తేదీతో రాశాను. తర్వాత మలబద్ధకం, వికారం. అన్నం నోట్లో పెట్టుకుంటే తుప్పు రుచి. పప్పు, పులుసు, పెరుగు, అన్నిటికీ అదే రుచి. ఒళ్లంతా తడిసిన గోనెసంచిలా బరువు. కూర్చున్నచోటే కళ్లు మూతపడేవి.

ఒకరోజు గ్రంథాలయంలో పేపరులో చిన్న వార్త చదవడం మొదలుపెట్టాను. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు పోయేది. మళ్లీ మొదటికి. గంట తర్వాత కూడా అక్కడే ఉన్నాను.  ఎవరో నా తలను పాడు చేస్తున్నారు. తల పాడు చేయాలంటే తిండిలోనే కదా కలపాలి. తిండి వండేది ఎవరు?

మెదడు పాడైనప్పుడు అది పాడైందని చెప్పాల్సింది కూడా ఆ మెదడే. అదే ఈ జబ్బులోని మోసం. నాకు అప్పుడు అంతా పట్టపగలులా స్పష్టంగా కనిపించింది. ఏ పుస్తకం చదివినప్పుడూ కలగనంత నమ్మకం కలిగింది. సునీత పళ్లెం పెడితే వాసన చూసి పక్కకు నెట్టేవాణ్ణి. అమ్మ చేతి నుంచి మాత్రమే తినేవాణ్ణి, తాగేవాణ్ణి. సున్నపు తేట రెండు గ్లాసులైంది.

"ఆమె వండితే గట్లనే ఉంటది మరి," అనేది అమ్మ.

సునీత ఎవరినీ అడగకుండా డాక్టరమ్మకు ఫోన్ చేసి, మంగళవారం నన్ను బస్సెక్కించింది. అమ్మ కూడా వచ్చింది. దవాఖాన హాలు నిండిపోయి ఉంది, కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డారు. ఆ తర్వాతిది నాకు ముక్కలుగా గుర్తుంది. మిగతా ముక్కలు ఇతరులు ఇచ్చారు.

నేను కుర్చీ ఎక్కి నిలబడ్డానట.

"ఈమె నా భార్య. నా అన్నంల మందు కలుపుతుంది. ఆ మందు కోదాడ నుంచి దీని తమ్ముడు తెచ్చిస్తున్నడు. పోలీసులను పిలవండి. నేను సచ్చిపోతే సాక్ష్యం మీరే."

 ఎవరో ఫోను పైకెత్తారు. పెరుగన్నం పెట్టిన తుంగతుర్తి పెద్దావిడ అక్కడే ఉంది. సునీత ఆమె వైపు చూసిందట. ఆమె చూపు తిప్పుకుని టిఫిన్ డబ్బాను ఒళ్లోకి లాక్కుందట.

"నా కొడుకు అబద్ధమాడడు. సదువుకున్నోడు," అంది మా అమ్మ, అందరికీ వినబడేలా.

సునీత ఫైలు అమ్మ పక్క కుర్చీలో పెట్టింది.

"టోకెను ఇరవై మూడు. పిలిస్తే లోపలికి తీసుకుపోండి," అని చెప్పి, జనం ఇచ్చిన దారిలో నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయింది. కోదాడ బస్సెక్కింది.

నన్ను చేర్చుకున్నారు. ఈసారి కాల్షియం ఎక్కువైంది, చాలా ఎక్కువ. అంత ఎలా పెరిగిందని డాక్టరమ్మ అమ్మను అడిగింది. గోలీలు ఎన్ని వేస్తున్నారు, ఇంకేమైనా ఇస్తున్నారా అని రెండు పూటలా అడిగింది. "నాకేం తెల్సు తల్లీ, అన్నీ ఆమెనే సూసుకునేది," అని అమ్మ రెండు పూటలా చెప్పింది. కారణం దొరక్కపోతే డాక్టర్లు చెడ్డ కారణాలు వెతుకుతారు. లోపల ఎక్కడైనా గడ్డ ఉందేమో, ఎముకల్లో ఏమైనా ఉందేమో, హైదరాబాదు పంపి చూపించాలన్నారు. పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరిచి, మళ్లీ మూసేవాణ్ణి. ఎక్కడున్నావంటే మిల్లులో అన్నానట.

మూడో రోజు నా బామ్మర్ది శ్రీను వచ్చాడు. కోదాడలో టైర్ల షాపు అతనిది. అక్క బట్టలు తీసుకుపోవడానికి ఆమె దగ్గరి తాళంతో మిర్యాలగూడ ఇల్లు తెరిచి, మంచం కింది పెట్టె లాగితే, దాని వెనక సున్నపు తేట సీసా, ఖాళీ గోలీల అట్టలు, నా నోటుబుక్కు దొరికాయట. అన్నీ ప్లాస్టిక్ సంచిలో వేసుకుని నేరుగా వార్డులోకి వచ్చాడు. నర్సు ఆపబోతే ఆగలేదు. సంచి నా మంచం మీద బోర్లించాడు.

"ఏం అత్తా, మా అక్క మందు పెట్టిందంటగా. నేనూ కోదాడ నుంచి మోసుకొస్తున్నానంటగా. ఏం మందో చూపిస్తా, ఇట్రా."

"గిదేంది పిలగా, దవాఖానల లొల్లి," అంది అమ్మ.

"లొల్లి మీరు చేసిపోయారుగా, నేను ముగిస్తున్నా. విను. 'ఉదయం రెండు, రాత్రి రెండు. పొడి ప్రతిరోజు. సున్నపు తేట ఒక గ్లాసు. సునీతకు తెలియరాదు.' ఈ చేతిరాత ఎవరిది అత్తా? మా అక్కదా?"

వార్డులో పక్క మంచాలవాళ్లు లేచి కూర్చున్నారు. అమ్మ కొంగు సర్దుకుంది.

"సున్నం తాగితే ఎవరన్న సస్తరా. మా అవ్వ మాకందరికీ పోసింది. నేను బతికే ఉన్న గదా."

"నువ్వు బతికే ఉన్నావ్. అందుకే మా అక్కకు ఈ గతి."

అప్పటికి డాక్టరమ్మ వచ్చింది. నోటుబుక్కు తీసుకుని నిలబడే రెండు పేజీలు చదివింది. ఖాళీ అట్టలు లెక్కపెట్టింది.

"సున్నపు నీళ్లు ఒక్కటే అయితే ఇంత పెరగదు. ఈ గోలీలు, ఈ పొడి, పైగా కండరాల్లోంచి కాల్షియం తిరిగొచ్చే సమయం ఇది. అన్నీ కలిశాయి." శ్రీను వైపు తిరిగింది. "తెచ్చి మంచి పని చేశావ్. ఈయన బతుకుతాడు."

"ఈయన కోసం తేలేదు మేడమ్. మా అక్క పేరు కోసం తెచ్చా," అన్నాడు శ్రీను. సీసా ఒక్కటి తిరిగి సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. ఆ సీసా అతనికి ఎందుకో నాకిప్పటికీ తెలియదు. ఎవరికి చూపించాలనుకున్నాడో.

హైదరాబాదు మాట ఆగిపోయింది. సెలైన్లు, సూదులు, ఇంకో రెండుసార్లు మిషను. వారం తర్వాత తలలో వెలుగు వచ్చింది. మొట్టమొదట గుర్తొచ్చింది టోకెను నంబరు. దాని వెనకే మిగతాదంతా వచ్చింది.

"డాక్టరమ్మ అడిగితే ఎందుకు చెప్పలేదమ్మా?"

"సెప్పొద్దన్నది నువ్వే గదరా."

అంతే.  ఇప్పటికీ మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం, అవసరమైనంత మాట్లాడుకుంటున్నాం.

జూలై

నడవగలిగాక కోదాడ వెళ్లాను. శ్రీను షాపులో టైరుకు పంక్చర్ వేస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"బావా, ఇంట్లోకి పోతే పో. మంచినీళ్లు మాత్రం అడగమాక. ఇస్తే తాగవు, తాగితే మళ్లీ మా పేరు చెప్తావ్."

షాపు వెనకే ఇల్లు. సునీత వరండాలో బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టలేదు. నిలబడే చెప్పాను: అది నేనన్నది కాదు, రక్తంలో పెరిగిన కాల్షియం నాతో అనిపించింది, డాక్టరమ్మను అడుగు అని.

"అడిగా. ఫోన్ చేసి చెప్పింది. మెదడు మీద పనిచేస్తదంట, ఎవరి మీదైనా అనుమానం పుట్టిస్తదంట. ఒప్పుకుంటా." రాయి ఏరి బయటికి విసిరింది. "మరి 'సునీతకు తెలియరాదు' అని రాసిన రోజు మీకు ఏ జబ్బుంది?"

గ్రంథాలయంలో ఎన్ని బీరువాలు తిరగేసినా దానికి జవాబు ఉండదు. ఆ రోజు నా రక్తం బాగానే ఉంది. తల బాగానే ఉంది. నాకంటే ఆమెకు ఎక్కువ తెలుసేమోనన్నది ఒక్కటే నాకు మింగుడుపడలేదు.

"తప్పయింది," అన్నాను.

"ఇక్కడ వరండాలో అంటే ఎవరికి వినపడుతుంది? అక్కడ కుర్చీ ఎక్కి చెప్పారు. మంగళవారం మీకు రక్త పరీక్ష ఉంది కదా. నేనొస్తా. అక్కడ చెప్పండి."

మంగళవారం మిర్యాలగూడ నుంచి నేను, కోదాడ నుంచి ఆమె వేరువేరు బస్సుల్లో సూర్యాపేట చేరాం. హాలు ఎప్పటిలాగే నిండుగా ఉంది. ఈసారి కుర్చీ ఎక్కలేదు, కాళ్లలో అంత బలం లేదు. నిలబడి చెప్పాను. పోయిన నెల ఇక్కడే నా భార్య మందు పెట్టిందన్నాను, అది అబద్ధం, ఆమెకు చెప్పకుండా గోలీలు మింగింది నేనే, వద్దన్నా వినంది నేనే, నన్ను రెండుసార్లు ఇక్కడికి తెచ్చి బతికించింది ఆమె.

కొందరు తలెత్తి చూసి మళ్లీ ఫోన్లలో పడ్డారు. ఒక ముసలాయన విసుక్కున్నాడు.

"కూసోరాదు బిడ్డా. నువ్వు గట్ల మాట్లాడుతుంటే నా నంబరు పిలిసేది ఇనబడ్తలేదు."

"వాళ్లు కాదు, వీళ్లు వేరే," అంది సునీత మెల్లగా. ఆ ముఖాల్లో ఆ రోజు ఉన్నవాళ్లు లేరు. అప్పుడు డయాలసిస్ గది తలుపు దగ్గరి నుంచి తుంగతుర్తి పెద్దావిడ లేచి వచ్చింది. మంగళవారం ఆమె లేకుండా ఎలా ఉంటుంది? నన్ను దాటుకుని సునీత ముందు నిలబడింది.

"బిడ్డా, నీతోని కలిసి తిన్న గని నీ మీద అనుమానపడ్డ. అంతటితోని ఊకోలే. ఊరికి పోయి మా వాడకట్టుల సెప్పిన. మా ఆడిబిడ్డ ఊర్ల గూడ సెప్పిన. మిర్యాలగూడల ఒకామె మొగనికి మందు పెట్టిందని. ఇప్పుడు గట్ల కాదని నేనెట్ల సెప్పాలె?"

"చెప్పి చూడు పెద్దమ్మా."

"సెప్త. నమ్మాలె గదా. గా ముచ్చట ఇన్నంత ఇష్టంగ గీ ముచ్చట ఎవరింటరు?"

సునీత నా వైపు చూడకుండానే అంది.

"ఈయనకు రాయడం వచ్చు పెద్దమ్మా. పంతొమ్మిది పుస్తకాలు రాశాడు. ఇది కూడా రాస్తాడు."

నా రక్తం తీసేదాకా ఉండి, రిపోర్టులో కాల్షియం అంకె తన కళ్లతో చూసి, కోదాడ బస్సెక్కింది. నేను మిర్యాలగూడ బస్సెక్కాను. వచ్చే పరీక్షకు వస్తానని ఆమె అనలేదు, రానని కూడా అనలేదు.

ఎండలో అలవాటు లేని చాకిరీ చేసి ఒంటేలు నల్లబడితే నొప్పి సూది వేయించుకోకండి, దవాఖానకు పోండి. గోలీ పది రోజులన్నారంటే పది రోజులే. ఇంట్లో మీకు అన్నం పెట్టేవాళ్లకు తెలియకూడని మందు ఏదీ మింగకండి. ఇంత వరకు అందరి కోసం.

తుంగతుర్తి వైపు వాళ్లు ఎవరైనా ఇది చదివితే, మీ వాడకట్టులో గట్టిగా చదివి వినిపించండి. నా భార్య సునీత నా అన్నంలో ఏమీ కలపలేదు. కలుపుకున్నది నేను. మతి ఉండగానే, లెక్క రాసి పెట్టుకుని, ఆమెకు తెలియరాదని కింద గీత గీసి మరీ కలుపుకున్నాను.